గోల్‌పోస్టు వెనక తోవ

ఖలీల్ భాయ్ ఛాయ్ హోటల్ గోడకు కొత్త స్టేడియం బొమ్మ అంటించిన నాటి నుంచి బోధన్ మిల్లు కాలనీలో ఎవరికీ వేరే పని లేకుండా పోయింది. చుట్టూ నిలువెత్తు ఉక్కు గొట్టాలు, చెరుకు గడల్లా కణుపులు కణుపులుగా ఉన్నాయి. కింద ఊదా రంగు, పైకి పోయిన కొద్దీ ఆకుపచ్చ. వాటి మీద ఎక్కడా ఆనుకోకుండా గాల్లో తేలుతున్నట్టున్న తెల్లటి పైకప్పు. లోపల ఐదు వేల కుర్చీలు. ఇంతా చేసి ఈ హంగామా ఎవరికయ్యా అంటే, మంజీర యూనియన్ ఫుట్‌బాల్ క్లబ్బుకు. మొన్న మొన్నటి దాకా గోల్‌పోస్టుకు నెట్టు లేక చేపల వల కట్టుకుని ఆడిన క్లబ్బు అది. హైదరాబాద్ కంపెనీ ఒకటి దాన్ని కొని, రాష్ట్ర లీగులో ఆడించి, ఇప్పుడు పాత మిల్లు గ్రౌండులోనే స్టేడియం కడతానంటోంది.

బొమ్మ ముందు నిలబడి ఎవరికి తోచింది వాళ్లు అన్నారు. రసం తీసే మిషనులా ఉందని ఒకడు. బెల్లం పెనం బోర్లించినట్టుందని ఇంకొకడు. "మిల్లు మూసిండ్రు, చెరుకు పోయి వరి వచ్చె. ఇగ ఇనుప చెరుకు నాటుతరన్నట్టు" అని ఒక ముసలాయన మూతి తిప్పాడు. కుర్రాళ్లు మాత్రం ఆ బొమ్మ పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఖలీల్ భాయ్‌కి తెగ నచ్చింది. "క్యా ఖూబ్‌సూరత్ హై భాయ్! ఎండల నెత్తి మాడకుంట కూసొని సూడొచ్చు" అన్నాడు. రిటైరైన డ్రిల్లు మాస్టారూ, క్లబ్బు సెక్రటరీ కూడా అయిన పరమేశ్వర్ సారు అందరి మాటలూ విని, "గిసొంటిది నిజామాబాద్‌ల లేదు, కరీంనగర్‌ల లేదు. ఒర్రకుంట కట్టనియ్యుండ్రి" అని తీర్పు చెప్పేశాడు.

ఒక్క ఆత్మారాం ఏమీ అనలేదు. అందరికంటే పెద్ద గొంతున్నవాడు, మ్యాచ్ ఉన్న రోజు కాలనీ మొత్తానికి నోరు తానే అయినవాడు, ఆ బొమ్మలో పడమటి వైపు ఒక మూలను చూస్తూ గ్లాసులో ఛాయ్ చల్లార్చుకున్నాడు. ఆ మూలలో ఏముండాలో, ఏం లేదో అక్కడున్న అందరికీ తెలుసు. తెలిసీ ఎవరూ ఎత్తలేదు.

ఆత్మారాం బతుకులో ఒక్కసారైనా బంతిని తిన్నగా తన్నింది లేదు. కాలనీలో ప్రతి మగపిల్లాడూ ఏదో ఒక టీంలో ఆడితే, ఇతన్ని మాత్రం బయటికి పోయిన బంతి తెచ్చియ్యమని గోల్ వెనక నిలబెట్టేవారు. అక్కడే పెద్దవాడయ్యాడు. అతని అన్న బాలన్న మిల్లు టీంకు గోల్‌కీపరు. వెనక నుంచి తమ్ముడు "అన్నా, ఎడమ దిక్కు!" అని అరిస్తే మిల్లు కాటా దగ్గర చెరుకు బండ్లకు కట్టిన ఎడ్లు కూడా ఎడమకు తిరిగేవని ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. ఎగతాళి అయినా అందులో ముద్దు ఉంది. చెరుకు సీజనుకు మిల్లు యార్డులో పని, సీజను కాగానే అన్న వెనక ఊరూరా మ్యాచులు, అలా నడిచింది అతని వయసు. మిల్లు మూతపడ్డాక బోధన్ నుంచి నిజామాబాద్‌కు షేర్ ఆటో తోలుకుంటున్నాడు. భార్య హన్మవ్వ పెళ్లయిన కొన్నేళ్లకే కాలం చేసింది. అప్పటి నుంచి అన్నా వదినెల ఇంట్లోనే ముద్ద. వాళ్లకు పిల్లల్లేరు, ఇతనికీ లేరు. ఆ ముగ్గురే ఒక కుటుంబం.

ఇక ఆ పడమటి మూల సంగతి. మిల్లు నడిచిన కాలంలో బాయిలర్ల బూడిద తెచ్చి పోసి పోసి, పడమటి గోల్ వెనక రెండు గట్లు లేచాయి. జనం వాటి మీదే కూర్చుని ఆట చూసేవారు. ఆ గట్ల మధ్య ఒక సందు ఉంది. ఆ సందులోంచి తిన్నగా పోతే బొందలగడ్డ, కాలనీ వాళ్ల శ్మశానం. కాలనీలో ఎవరు పోయినా పాడె గ్రౌండు మీదుగానే నడవాలి. దారిలో పాడెను ఒకసారి కిందికి దించి, చచ్చినవాళ్ల చెవిలో మూడుసార్లు పిలవడం అన్ని ఊళ్లలో ఉన్నదే. దింపుడు కల్లం అంటారు. పిలిస్తే ప్రాణం తిరిగొస్తుందేమోనని చిట్టచివరి ఆశ. మిల్లు కాలనీ వాళ్లు ఆ ఆశను పడమటి గోల్‌పోస్టు దగ్గర పెట్టుకున్నారు.

ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పేవాళ్లు లేరు. చెరుకు తోటలో పాము కరిచి చనిపోయిన ఒక ఆటగాడి పాడెను మోసేవాళ్లు అలిసిపోయి అక్కడ దించారనీ, అతనితో ఆడినవాళ్లు ఏడుస్తూ, ఆటలో పిలిచినట్టే "బంతియ్యిరా, బంతియ్యి" అని అరిచారనీ చెబుతారు. ఆ తర్వాత అక్కడ దించడమే ఆచారమైపోయింది. ఆటగాళ్లే కాదు, ఆడవాళ్లనూ, ఆట చూడనివాళ్లనూ అక్కడే దించేవారు. ఆట నడుస్తుంటే బంతి పక్కన పెట్టి ఇరవైరెండు మందీ దూరంగా నిలబడేవారు. బయట నుంచి వచ్చిన టీములకు ముందే చెప్పి ఉంచేవారు. ఆడవాళ్లు ఆ గోల్ దాకా వచ్చి, చివరి చూపు చూసుకుని, అక్కడి నుంచే ఇళ్లకు మళ్లేవారు. ఆత్మారాం వాళ్ల బాపును దించింది అక్కడే. హన్మవ్వను దించిందీ అక్కడే. అంత గొంతున్నవాడు ఆమె చెవిలో పిలిచినప్పుడు పక్కవాళ్లకు కూడా వినిపించలేదట.

ఇప్పుడు బాలన్నకు గొంతులో క్యాన్సరు. హైదరాబాద్‌లో కరెంటు పెట్టించారు, మందులు ఎక్కించారు. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు డాక్టర్లు. పెనాల్టీకి ఎదురుగా నిలబడితే కొట్టేవాడి కాళ్లు వణికేంత మనిషి, ఇప్పుడు మెడకు తువ్వాల చుట్టుకుని మంచం మీద పిల్లవాడంత అయ్యాడు. మాట గరగరమని సగమే వస్తుంది. ఆ ఇంట్లో ఎవరూ చావు మాట ఎత్తరు. ఎత్తకపోతే అది వాకిట్లోనే ఆగిపోతుందన్నట్టుగా ఉంటారు.

స్టేడియం మీద అభిమానుల అభిప్రాయాలు వినడానికి కంపెనీ వాళ్లు ఫంక్షన్ హాల్లో మీటింగు పెట్టారు. ఆ పొద్దున బాలన్న భార్య విమలమ్మ మరిదిని పెరట్లోకి పిలిచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది. "మీటింగుల ఆ తొవ్వ సంగతి అడుగు, ఆత్మారాం. మీ అన్న ఎన్నాళ్లుంటడో ఎవలకెర్క? నేను ఆ గోల్ దాకనే గద వచ్చేది. గంత దూరమన్న ఆయనెంబడి నడ్వనియ్యుండ్రి."

"అడుగుత వదినె. నువ్వు రంది వెట్టుకోకు. సందుల గేటు వెట్టమంట, గంతే గద" అన్నాడు ఆత్మారాం. అడిగేవాడే. అందులో అనుమానం లేదు. ఆటో స్టార్టు చేస్తుంటే బాలన్న గోడ పట్టుకుని బయటికొచ్చాడు, ఉతికిన అంగీ వేసుకుని. "నేను గూడ వస్త" అన్నాడు. వద్దంటే వినలేదు.

హాల్లో పూజ జరిగింది. కొబ్బరికాయ కొట్టారు, తలా ఒక ముక్క చేతిలో పెట్టారు. తెర మీద స్టేడియం తిరుగుతూ కనబడింది, పగటి వెలుతురులో ఒకసారి, రాత్రి లైట్లలో ఒకసారి. ఈలలు పడ్డాయి. బూడిద గట్ల మీద కూర్చుని గోచీల దాకా నల్లబడ్డ మనుషులు కుర్చీలు చూసి నోళ్లు తెరిచారు. బాలన్న కళ్లార్పలేదు. అతని కళ్లలో నీళ్లున్నాయి. అవి సంతోషానివో దుఃఖానివో ఆత్మారాంకు అర్థం కాలేదు, అడగడానికీ ధైర్యం చాలలేదు.

బొమ్మ గీసింది శృతి అనే అమ్మాయి, హైదరాబాద్ నుంచి వచ్చింది. మర్యాదస్తురాలు. అందరినీ అడిగింది, అందరూ చెప్పింది రాసుకుంది. చివరికి డ్రోన్‌తో తీసిన గ్రౌండు ఫోటో తెర మీద పెట్టి, రెండు గట్ల మధ్య చూపించింది. "ఇక్కడ ఒక దారి కనిపిస్తోంది. గడ్డి కూడా మొలవనంతగా నడిచిన దారి. దీన్ని దేనికి వాడతారు? అవసరముంటే ఇక్కడ గేటు పెడతాం. లేదంటే మూసేసి, గట్టిగా అరిచే అభిమానులందరూ ఒక్కచోట ఉండేలా స్టాండ్ కడతాం."

హాలు గప్‌చుప్ అయింది. దీపం ఇంకా వెలుగుతోంది, కొబ్బరి ముక్క ఇంకా చేతిలో ఉంది. శుభమా అని పని మొదలుపెడుతుంటే శవాల ఊసెత్తేదెవరు? అది ఒకటైతే, ఎవరి ముందు ఆ ఊసెత్తకూడదో ఆ మనిషే ముందు వరసలో మెడకు తువ్వాలతో కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు ఆ దారి దేనికో చెప్పడమంటే, వేలెత్తి ఆయన్ను చూపించడమే. ఖలీల్ భాయ్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు. పరమేశ్వర్ సారు కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఎప్పటిలాగే అందరూ ఆత్మారాం వైపు తిరిగారు, కాలనీ నోరు అతనే గదా.

ఆత్మారాం లేచాడు. అన్న వైపు చూశాడు. బాలన్న తల తిప్పి తమ్ముణ్నే చూస్తున్నాడు.

"ఏం లేదు మేడం" అన్నాడు ఆత్మారాం. "ఉత్త తొవ్వ. గొర్లు, బర్లు పోతయి."

శృతి రాసుకుంది. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, హాలంతా అందుకుంది. ఆ చప్పట్లలో ఎంత ఊరట ఉందో! గండం గడిచిందన్నట్టు మనుషులు ఒకరినొకరు చూసుకున్నారు. బాపు పోయిన దారిని, హన్మవ్వ పోయిన దారిని బర్రెల దారిని చేసి కూర్చున్న ఆత్మారాం మాత్రం కొబ్బరి ముక్కను తినకుండా జేబులో వేసుకున్నాడు. ఇంటికి వెళ్లాక విమలమ్మ అతని మొహం చూసి, అన్నం పెట్టడానికి లోపలికి పోయింది.

గట్లు తవ్వేశారు. మిషన్లు దిగాయి. పడమటి వైపే ముందు పని మొదలైంది, ఆ దిక్కున నేల మెత్తనట. బాలన్న మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపించుకుని రోజంతా అటే చూసేవాడు. మొదటి ఉక్కు గొట్టం లేచిన రోజు తమ్ముణ్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"సూడు, ఎంత సక్కగుందో" అన్నాడు. "గసొంటి గోల్ల ఒక్క మ్యాచ్ ఆడుంటే నా జన్మ తరించేది. మన పోరగాండ్లు ఆడుతరు, సాలు."

"నువ్వు గూడ సూస్తవే అన్నా. మొదటి మ్యాచ్‌కు నిన్ను ముందు కుర్చీల కూసోవెడత."

బాలన్న నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. అది తగ్గేదాకా తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. "ఆ దినం నువ్వు జెప్పకపోవుడే మంచిగైంది తమ్మీ. నా మొఖం సూసి ఊకున్నవు, నాకెర్కే. నేనన్న లేసి చెప్పేటోన్ని. పూజకాడ అపశకునమైతదని ఊకున్న." ఆ తర్వాత, దారి అడిగినట్టు మామూలుగా అడిగాడు. "ఐతే నన్ను యాడ దించుతరురా?"

ఆత్మారాం "గట్ల మాట్లాడకు" అని లేచి బయటికి పోయాడు. ఆటో వెనక సీట్లో కూర్చుని, మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

మరునాడు సైటుకు వెళ్లాడు. శృతి నెత్తికి హెల్మెట్ పెట్టుకుని ఇంజినీర్లతో మాట్లాడుతోంది. గుర్తుపట్టి నవ్వింది. ఆత్మారాం చెప్పాలనుకున్నది చెప్పేశాడు, ఆ దారి దేనిదో, అక్కడ ఎవరెవరిని దించారో, ఇప్పుడు ఎవరిని దించాలో. మధ్యలో రెండుసార్లు ఆగాడు. ఆ అమ్మాయి మొహంలో నవ్వు పోయింది.

"అంకుల్, మీరే కదా గొర్రెల దారి అన్నారు?"

"అన్న మేడం. మా అన్న పక్కనే ఉండె."

ఆమె ఆ రెండు మాటల్లోనే అర్థం చేసుకున్నట్టుంది. గోడ వైపు చూపించింది. కాంక్రీటు అప్పటికే మనిషెత్తు దాటింది. ఆ స్టాండ్ కింద ఆటగాళ్ల గదులు, వాటి వెనక నీళ్ల ట్యాంకు, అన్నీ భూమిలోకి దిగిపోయాయి. ఇప్పుడు అక్కడ గేటు తెరవాలంటే స్టాండ్ మొత్తం కూలగొట్టాలి. "ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది అంకుల్. గేటు పెట్టడం మాకు ఎంత పని! సంతోషంగా పెట్టేదాన్ని" అంది. తప్పు పట్టి అనలేదు, నిజంగా బాధపడే అంది. తిట్టినా ఆత్మారాంకు అంత కష్టమనిపించేది కాదు.

వెళ్లబోతుంటే ఆమె వెనక నుంచి పిలిచింది. ఆ రోజొస్తే తూర్పున ఉన్న పెద్ద గేటు తెరిపిస్తాననీ, పని ఆపించి లోపలికి తీసుకొచ్చుకోమనీ, గోల్ ఉండే చోటు తను గుర్తు పెట్టించి ఉంచుతాననీ చెప్పింది. ఆత్మారాంకు ప్రాణం లేచొచ్చింది. ఆటోను ఎటు తోలుతున్నాడో చూసుకోకుండా పరమేశ్వర్ సారు ఇంటికి పోయి ఆ సంగతి చెప్పాడు.

సారు అంతా విని తల అడ్డంగా ఊపాడు. "లోపటికి పోతం సరే. మల్ల బయటికెట్ల వస్తవు? పడమర బందయింది గద. పోయిన గేట్లకెళ్లే తిరిగి రావాలె. ఇల్లు దాటిన పాడెను ఎన్కకు మల్పుతార్రా ఎవలన్న? ఇంటి మొఖం వట్టించినట్టయితది. మనోళ్లు ఒక్కలు గూడ భుజం వెట్టరు."

అది నిజం. ఆత్మారాంకు కూడా అది నిజమే. తన చేతులతో తానైనా అన్న పాడెను వెనక్కి తిప్పలేడు. అంత పెద్ద స్టేడియం, అన్ని గేట్లు, అందులో ఒక్క మనిషి ఇటు నుంచి అటు పోవడానికి దారి లేకుండా పోయింది. ఎవరో చేసింది కాదు. అందరూ కలిసి, ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని చేసుకున్నది.

ఆ సంగతి బాలన్నకు ఎవరూ చెప్పలేదు. బాలన్న కూడా ఇంకోసారి అడగలేదు.

పైకప్పు వేసే పనులు మొదలైన వారంలో, తెల్లవారుతుండగా, బాలన్న పోయాడు. కాలనీ కాలనీ కదిలొచ్చింది. ఖలీల్ భాయ్ హోటల్ మూసేశాడు. బాల్కొండ, భీమ్‌గల్ నుంచి, ఎప్పుడో బాలన్న మీద గోల్ కొట్టినవాళ్లు, కొట్టలేకపోయినవాళ్లు బస్సులు పట్టుకుని వచ్చారు. పిల్లలు లేరు గనుక నిప్పు కుండ ఆత్మారాం పట్టుకున్నాడు. డప్పులు ముందు, పాడె వెనక, ఆ వెనక ఆడవాళ్లతో విమలమ్మ.

గ్రౌండు మీదుగా దారి లేదు. స్టేడియం గోడ పక్కన, లారీలు తిరిగే మట్టి రోడ్డు మీదుగా చుట్టూ తిరిగారు. పనివాళ్లు పాడెను చూసి మిషన్లు ఆపి, హెల్మెట్లు తీసి నిలబడ్డారు. పడమటి గోడ దగ్గరికి వచ్చేసరికి మోసేవాళ్ల అడుగులు వాటంతట అవే నెమ్మదించాయి. గోల్ ఎక్కడో వాళ్ల కాళ్లకు తెలుసు. కానీ అది గోడకు అవతల ఉంది. ఎక్కడ దించాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి పరమేశ్వర్ సారు, "ఈడనే, గోడకానుకొని దించుండ్రి" అన్నాడు. లారీ చక్రాల గాడిలో నీళ్లు నిలిచి ఉంటే పక్కకు జరిపి, మట్టిలో దించారు.

ఆత్మారాం నిప్పు కుండ కింద పెట్టి అన్న చెవి దగ్గర వంగాడు. "అన్నా" అన్నాడు. మళ్లీ అన్నాడు. మూడోసారి ఆ పెద్ద గొంతు తిరిగొచ్చింది. వినడానికి భయం వేసేంత గట్టిగా వచ్చింది. పిలిచి, లేవకుండా అలాగే ఉండిపోయాడు. పిలుపు అయిపోయింది, ఇక లేవాలి. నలుగురూ భుజం పెట్టడానికి ముందుకొచ్చారు. అతను అన్న చెవిలో ఇంకా ఏదో చెబుతున్నాడు.

"అన్నా, నిన్ను దించే జాగ గోడ లోపటుంది. అది గొర్ల తొవ్వ గాదు. మనోళ్లను దించే జాగ. గొర్ల తొవ్వ గాదే..."

విమలమ్మ పక్కనే కూర్చుని భర్త పాదాలు పట్టుకుని ఉంది. మరిది మాటలన్నీ వింది. లేచి, కొంగుతో అతని మొహం తుడిచింది. ఆమె గొంతులో కోపం లేదు, కోపం ఉన్నా బాగుండేది.

"గీ మాట గప్పుడు జెప్పాలె, ఆత్మారాం" అంది.

ఆడవాళ్లు నడవాల్సిన దూరం అక్కడితో అయిపోయింది. ఇంకోసారి పాడె వైపు చూసి, ఆమె మట్టి రోడ్డు మీదుగా ఇంటికి మళ్లింది.